ఫిల్టర్ లేని మొహం చూసుకోవాలంటే భయమేస్తోంది, మీలో ఎవరికైనా ఇలా ఉందా?

గోదారి_పిల్ల:
అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి రాద్దామనుకుంటున్నా, ఇవాళ హాస్టల్ రూమ్‌లో ఎవరూ లేరు కాబట్టి రాసేస్తున్నా. నాకు 22, మాది భీమవరం దగ్గర పల్లెటూరు, హైదరాబాద్‌లో జాబ్‌లో చేరి రెండు నెలలైంది. ఇంటర్ సెకండియర్ నుంచి ఫిల్టర్ లేకుండా ఒక్క ఫొటో కూడా పెట్టలేదు నేను, స్టోరీ అయినా డీపీ అయినా. మొదట్లో సరదాకి కుక్కపిల్ల చెవులొచ్చేవి పెట్టేదాన్ని, తర్వాత మెల్లగా మొహం తెల్లబడేవి, ముక్కు సన్నబడేవి, మచ్చలు పోయేవి. నేను చామనఛాయ. ఫొటోల్లో మాత్రం పాలమీగడలా ఉంటా.

మొన్న ఆఫీసులో ఐడీ కార్డుకి ఫొటో తీశారు. తెల్లగోడ, కంప్యూటర్‌కి తగిలించిన చిన్న కెమెరా, నిలబడండి మేడమ్ అన్నాడు, క్లిక్, అంతే. ఇంకోటి తీయండి అని అడుగుదామంటే వెనకాల పెద్ద లైను. కార్డు చేతికొచ్చాక చూసుకుంటే ఎవరో వేరే అమ్మాయి కార్డు నాకిచ్చారేమో అనిపించింది, నిజంగానే ముందు పేరు చూసుకున్నా. తర్వాత వాష్‌రూమ్‌కెళ్ళి ఏడ్చా. అప్పట్నుంచి కార్డు తిరగేసి మెళ్ళో వేసుకుంటున్నా, ఫొటో లోపలికి, కంపెనీ అడ్రసు బయటికి. గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ రోజూ "తిప్పమ్మా" అంటాడు, తిప్పి చూపించి మళ్ళీ తిరగేసుకుంటా.

ఇంతకీ నన్నెవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకుండానే ఇంత భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కావట్లేదు. మీకెవరికైనా ఇలా అయితే ఏం చేశారో చెప్పండి ప్లీజ్.

తెనాలి_స్టూడియో:
అమ్మా, నేను 19 ఏళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్నా. ముందు లెన్స్ సంగతి ఒకటి చెప్తా, ఇది తెలియక చాలామంది పిల్లలు బాధపడుతున్నారు. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు కెమెరాకి దగ్గర, చెవులు దూరం, అందుకని ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. ఇది నా మాట కాదు, 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టి ఒక మెడికల్ జర్నల్లో వేశారు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందంట, అదే 5 అడుగుల నుంచి తీస్తే తేడా లేనట్టే. ఇంకోటి, అద్దంలో మనం చూసుకునేది కుడి ఎడమలు మారిన మొహం, దానికి అలవాటుపడిపోయి ఉంటాం కాబట్టి ఎదుటివాళ్ళు చూసే మొహం ఫొటోలో చూడగానే ఏదో వంకరగా ఉన్నట్టనిపిస్తుంది. నీ మొహంలో తప్పేం లేదు తల్లీ.

ఇక తెలుపు చేయడం. అందులో నా పాపం కూడా ఉంది, చెప్పుకోవాలి. నాలుగేళ్ళ కింద ఒక పెళ్ళి ఆల్బమ్, పెళ్ళికూతురి అన్నయ్య నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఇంకొంచెం తెలుపు, ఇంకొంచెం తెలుపు అని చేయించాడు, నేనూ చేశా. చేతులు మర్చిపోయాం. తలంబ్రాలు పోసే ఫొటోలో మొహం ఒకరిది, చేతులు ఇంకొకరివి లాగా ఉంది. ఆల్బమ్ తీసుకెళ్ళిన వారానికి ఆ అమ్మాయి తనే వచ్చింది. చేతులు కూడా తెల్లగా చేయమంటుందేమో అనుకున్నా. "అన్నా, నా మొహం నా చేతుల రంగుకి తెచ్చెయ్యండి" అంది. ఇన్నేళ్ళలో అలా అడిగింది ఆ అమ్మాయి ఒక్కతే. ఇప్పుడు పదో తరగతి పిల్లలు పాస్‌పోర్ట్ సైజు ఫొటోకొచ్చి, ఫోన్లో ఫిల్టర్ సెల్ఫీ చూపించి ఇలా రావాలి అంకుల్ అంటున్నారు. హాల్ టికెట్ మీదికి అది పనికిరాదమ్మా అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు.

కరీంనగర్_పోరడు:
అక్కా నాది మొహం ముచ్చట గాదు, మాట ముచ్చట. బీటెక్‌కి సిటీకి వచ్చినప్పుడు నేను నోరు తెరిస్తే చాలు క్లాస్‌ల నవ్వేటోళ్ళు, అప్పట్నుంచి సినిమాల మాట్లాడినట్టు మాట్లాడుడు మొదలువెట్టిన, వీడియోలు గూడ గట్లనే చేసిన. టిక్‌టాక్ 2020 జూన్ 29 నాడు బంద్ అయినప్పుడు నా 6 వేల ఫాలోవర్లు ఒక్క రాత్రిల పోయిన్రు, చానా బాధపడ్డ. తర్వాత రీల్స్‌కి వచ్చిన. ఒకనాడు ఊకనే మా యాసల ఒకటి పెడితే లక్ష దాటినయ్ వ్యూస్. మస్తు ఖుషీ అయిన, ఇన్నాళ్ళు దేనికి సిగ్గుపడ్డనో దానికే చప్పట్లు కొడుతున్నరు గదా అని.

కని ఆగలే అది. కామెంట్లల్ల ఇంకా మాస్‌గ, ఇంకా మాస్‌గ అని అడుగుడు, నేను యాసను ఎక్కువ చేసుకుంట పోవుడు, ఎవ్వరు అనని మాటలు గూడ నేనే పుట్టించిన. గీ యేడు సంక్రాంతికి ఇంటికి వోయి మా బాపుకి చూపెట్టిన, ఆయన పాత్ర నేనే చేసిన దాంట్ల, తువ్వాల ఏసుకుని, బీడీ వట్టుకుని. పూర్తిగ చూసి ఫోన్ నా చేతిల వెట్టి "నేను గిట్ల మాట్లాడుతనారా?" అన్నడు. కోపం గాదు, నిజంగనే అడిగిండు, ఆయనకు డౌటు వచ్చింది. బాపు గట్ల మాట్లాడడు. మెల్లగ మాట్లాడుతడు, మాట మాటకు నడుమ ఆగుతడు. ఆ వీడియో తీసేసిన. మిగిలినయి ఏం జెయ్యాల్నో ఇంకా సమజ్ కాలే, వాటి మీద పైసలు గూడ వస్తున్నయ్ నాకు, అబద్ధం ఎందుకు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
నాది కర్నూలు. ఇక్కడ అందరూ పిల్లలే ఉన్నట్టున్నారు, అమ్మగా ఒకటి అడుగుతా. మా పెద్దపాప టెన్త్. దానికి రెండు అకౌంట్లు ఉన్నాయని పోయిన నెల తెలిసింది. ఒకదాంట్లో 700 మంది, అన్నీ నవ్వే ఫొటోలే. రెండోదాంట్లో 11 మంది, నా పేరు లేదు, వాళ్ళ చిన్నమ్మ కూతురు చూపిస్తే చూసినా. అందులో జుట్టు చిక్కులేసుకుని, కళ్ళు వాచిపోయి, మ్యాథ్స్‌లో 31 వచ్చిన పేపర్ ఫొటో, "నేను దేనికీ పనికిరాను" అని రాతలు. నాకు చూపించిన మార్కు 71. మూడుని ఏడు చేసి నాకు ఫొటో పంపింది, నేను దాన్ని మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టి దిష్టి తీసినా. తిట్టాల్నా, తెలిసినట్టు చెప్పాల్నా, ఫోన్ లాక్కోవాల్నా తెలియడం లేదు. ఆయనకైతే చెప్పలేదు.

లెక్చరర్_విజయనగరం:
అమ్మా, జూనియర్ కాలేజీలో 12 ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, నా అనుభవం కొద్దీ చెప్తాను. ఫోన్ లాక్కోకండి. ఆ 11 మంది అకౌంటే ఇప్పుడు ఆ పిల్లకి ఊపిరాడే కిటికీ, అది మూసేస్తే మూడోది తెరుస్తుంది, అది మీకు ఈసారి కనపడదు కూడా. మార్కు సంగతి ముందు మీరే తేలిక చెయ్యండి. గ్రూపులో మార్కులు పెట్టడం ఆపేస్తానని మీరే ముందు చెప్పండి, పాప అబద్ధమాడడానికి సగం కారణం ఆ గ్రూపే అని నాకనిపిస్తోంది, ఏమీ అనుకోకండి.

గోదారి_పిల్లా, భయం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నావు కదా. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అని ఫేస్‌బుక్‌లో పనిచేసినావిడ కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టింది, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఆ కంపెనీదే. టీనేజ్ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ ఒంటి గురించిన బాధని ఇన్‌స్టాగ్రామ్ ఇంకా ఎక్కువ చేస్తోందని కంపెనీ వాళ్ళ సొంత సర్వేలోనే ఉంది. అంటే నీకొక్కదానికే పుట్టిన భయం కాదు. ఆ ఏడాదే ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల లెక్క కనపడకుండా దాచుకునే సెట్టింగు ఇచ్చారు, మా క్లాసులో ఎంతమంది వాడుతున్నారని అడిగితే అరవై మందిలో ఇద్దరు చేతులెత్తారు. 2025 జనవరిలో బయటివాళ్ళు తయారుచేసిన ఫిల్టర్లు ఇన్‌స్టాగ్రామ్‌లోంచి తీసేశారు కూడా, పిల్లలు వేరే యాప్‌లో మొహం మార్చుకుని తెచ్చి పెడుతున్నారు, అంతే తేడా. సన్నబడాలని మధ్యాహ్నం డబ్బా ముట్టుకోకుండా కూర్చునే పిల్లలున్నారు మా దగ్గర. అంతవరకూ వస్తే ఆలస్యం చెయ్యొద్దు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను ఒక పిల్ల పక్కన కూర్చుని ఫోన్ చేయించాను.

మిస్సోరి_తెలుగు:
నాది ఖమ్మం. మేలో అమెరికాలో ఎంఎస్ అయిపోయింది, ఓపీటీలో ఉన్నా, అంటే చదువయ్యాక ఇక్కడ కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకోనిచ్చే పర్మిషన్, జాబ్ లేదు. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు, నాకివాళ 61వ రోజు. ఇంట్లోవాళ్ళకి మాత్రం జూన్ నుంచే జాబ్ చేస్తున్నా. లింక్డ్‌ఇన్‌లో కూడా అదే పెట్టా. మొదట్లో అబద్ధం చెప్పాలనుకోలేదు. ముగ్గురం కలిసి ఒక వీకెండ్ మస్టాంగ్ కారు అద్దెకి తీసుకున్నాం, దానికి ఆనుకుని ఒక్కొక్కళ్ళం ఫొటో దిగాం, కింద ఏమీ రాయలేదు, ఉత్త ఫొటో. మా మామయ్య కంగ్రాట్స్ అల్లుడూ అని కామెంట్ పెట్టాడు. థాంక్యూ మామయ్యా అన్నా. అంతే, అక్కడే మొదలైంది. నాన్న ఆ ఫొటో ఫ్రేమ్ కట్టించి టీవీ పక్కన పెట్టాడు, ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి సలహాలడుగుతున్నారంట. ఇక్కడ నలుగురం ఒక రూమ్‌లో, చదివేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పని చేయనివ్వరు, దాచింది అయిపోయింది, అన్నం, ఆవకాయ, గుడ్డు. ప్రతి వీడియో కాల్‌కి ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుంటా. ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ పిక్స్ చూస్తే అందరూ సెటిలయ్యారు నేను తప్ప అనిపిస్తది, వాళ్ళవి కూడా నాలాంటి ఫొటోలేనేమో అని మొన్నే తట్టింది.

నెల్లూరు_23:
అన్నా కోపంతో రాయట్లేదు, కానీ రాయాలి. నీలాంటి ఫొటోలు చూసే నేను కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టినా. మా సీనియర్ అచ్చం అట్టాంటి కారుతోనే పెట్టినాడు, అది చూపించే మా నాయన్ని ఒప్పించినా, రెండెకరాలు తాకట్టుకి కాగితాలు రెడీగా ఉండాయి. అబద్ధం మీ ఇంట్లోవాళ్ళ వరకే ఆగదన్నా. నిజంగా ఎట్టుందో చెప్పు, ఇక్కడ చెప్పకపోయినా నాకు పర్సనల్‌గా చెప్పు.

మిస్సోరి_తెలుగు:
తమ్ముడూ మెసేజ్ పెట్టా చూడు. అద్దె, ఫీజు, ఎన్ని అప్లికేషన్లు పెట్టా, ఎన్ని కాల్స్ వచ్చాయి, అన్నీ రాశా. సంతకం పెట్టేముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి.

గోదారి_పిల్ల:
మీ అందరివీ రెండేసి సార్లు చదివా. స్టూడియో అన్నగారు చెప్పినట్టే చేశా, రూమ్మేట్‌ని కిటికీ దగ్గర అయిదడుగుల దూరంలో నిలబెట్టి వెనక కెమెరాతో తీయించుకున్నా. బాగానే ఉంది, ఐడీ ఫొటో అంత ఘోరంగా లేదు. ఎక్కడా పెట్టలేదు, అమ్మకి పంపా. అమ్మ వెంటనే ఫోన్ చేసి "అదేంటే అలా నల్లబడిపోయావ్, హాస్టల్ తిండి పడట్లేదా" అంది. అయిదేళ్ళుగా అమ్మ కూడా ఫోన్లో ఆ తెల్ల మొహాన్నే చూస్తోంది, పండక్కి ఇంటికెళ్తే ఎండకి కమిలావే అనేది, ఇప్పుడర్థమైంది. నేనెప్పుడూ ఇంతేనమ్మా, అవన్నీ యాప్ తెలుపు అన్నా. కాసేపాగి "మరి సంబంధాలవాళ్ళకి పంపినవో" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, వాళ్ళకి పంపినవన్నీ అవే.

ఇద్దరు_పిల్లల_తల్లి:
లెక్చరర్ గారూ, గ్రూపులోంచి నేనే బయటికొచ్చేసినా. పాపకి అంతే చెప్పినా, మిగతాది అడగలేదు. రాత్రి మ్యాథ్స్ పుస్తకం తెచ్చి నా మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకునింది, ఏం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మిస్సోరి_తెలుగు:
నిన్న నాన్నకి చెప్పేశా. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు, రూమ్ కూడా తిప్పి చూపించా. ఆయన ఇంకొకటి చెప్పాడు. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి 8 నెలలైందంట నా లోన్ వడ్డీకి. వీడియో కాల్‌లో అమ్మ మెడలో రోజూ కనపడేది రోల్డుగోల్డు. రోజూ చూశా, ఒక్కనాడు కూడా గుర్తుపట్టలేదు. ఇద్దరం నెలకి ఎంత పడుతోందో కాగితం మీద వేసుకున్నాం. లింక్డ్‌ఇన్ మార్చేశా. టీవీ పక్కన ఫ్రేమ్ తీసెయ్యమన్నా, ఇంకా తీయలేదంట.

గోదారి_పిల్ల:
అన్నా జాబ్ వస్తే ఇక్కడ చెప్పండి, రాకపోయినా చెప్పండి. కొత్త ఫొటోలు అమ్మతో మాట్లాడి సంబంధాలవాళ్ళకి పంపిస్తున్నా, ఒకళ్ళు ఇంకా రిప్లై ఇవ్వలేదు. ఐడీ కార్డు ఇవాళ లంచ్ దాకా ముందుకే ఉంది, మధ్యాహ్నం క్లయింట్ మీటింగ్ ఉందని మళ్ళీ తిప్పేశా.