మేడ మీదికి వెళ్లినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని ఉంటోంది: ఇల్లంతా వైఫై నిలకడగా అందాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (ఒంగోలు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు రోడ్డు వైపు రెండంతస్తుల ఇల్లు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, మధ్యలో కాంక్రీటు శ్లాబు. ఫైబర్ కనెక్షన్ కింది హాల్లోకి వస్తుంది, దానితో ఇచ్చిన రౌటర్ టీవీ పక్కనే ఉంది. పైన సిగ్నల్ అందడం లేదని మెట్ల మలుపు దగ్గర, రౌటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే ఒక ఎక్స్‌టెండర్ పెట్టించాము. ఇంటి లోపల మొబైల్ సిగ్నల్ బలహీనంగా ఉండటం వల్ల ఇంట్లో అందరమూ వైఫై కాలింగ్ మీదే ఆధారపడుతున్నాము. కింద మాట్లాడుతూ మెట్లెక్కితే మాట తెగిపోతుంది. పై గదిలోకి వెళ్లాక కూడా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని ఉండటంతో, వైఫైని ఒకసారి ఆపి మళ్లీ వేస్తే తప్ప నెట్ రాదు. అమ్మకు ఆ పని చేసుకోవడం తెలియదు. ఇంతకంటే శక్తిమంతమైన రౌటర్ కొంటే సరిపోతుందా, లేక మెష్ సెట్టు (కలిసి ఒకే వైఫైగా పనిచేసే పెట్టెలు) తీసుకోవాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (నెల్లూరు)

ఒంగోలు మిత్రులకు నమస్కారం. ఎప్పుడు, ఏ రౌటర్‌కు మారాలో నిర్ణయించేది ప్రధానంగా ఫోనే గానీ రౌటర్ కాదు. ఉదాహరణకు ఐఫోన్ విషయంలో యాపిల్ చెప్పే లెక్క ప్రకారం, సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) కంటే తగ్గినప్పుడే అది మరో చోటు కోసం వెతకడం మొదలుపెడుతుంది. డేటా నడుస్తున్నప్పుడు కనీసం 8 డీబీ, ఖాళీగా ఉన్నప్పుడు 12 డీబీ మెరుగైనది దొరికితేనే మారుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ హద్దు తయారీదారును బట్టి మారుతుంది.

అందువల్ల శక్తిమంతమైన రౌటర్ కొనవద్దని నా గట్టి సలహా. రౌటర్ గొంతు ఎంత పెంచినా ఫోన్ గొంతు పెరగదు. పై గదిలో కింది రౌటర్ సిగ్నల్ రెండు గీతలు కనిపిస్తూనే ఉంటుంది కనుక ఫోన్ దాన్ని వదలదు, కానీ ఫోన్ పంపే జవాబు మాత్రం శ్లాబు దాటి కిందికి సరిగా చేరదు. గీతలు ఉన్నా నెట్ రాకపోవడానికి తరచుగా ఇదే కారణం.

మీరు చేయవలసిన మొదటి పని కింది రౌటర్ నుంచి పై అంతస్తుకు ఒక క్యాట్ 6 కేబుల్ (నెట్ కోసం వాడే రాగి తీగ) లాగించడం. పైన ఏదైనా మంచి రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (తీగ ద్వారా వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసేలా) పెట్టండి. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే దాని డీహెచ్‌సీపీని (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పనిని) ఆపి, కింది రౌటర్‌తో ఢీకొనని చిరునామా ఇచ్చి, కేబుల్‌ను బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాకుండా ఇంట్లోని పరికరాల కోసం ఉండే ల్యాన్ పోర్టులో పెట్టాలి. రెండింటికీ వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రతా రకం అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒకచోట డబ్ల్యూపీఏ2, మరోచోట డబ్ల్యూపీఏ3 ఉండకూడదు. వైఫై వాడే రెండు రేడియో పట్టీలైన 2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో ఛానెళ్లు (ప్రసార దారులు) మాత్రం వేరుగా ఉండాలి: 2.4 గిగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఒకదానికి 1, మరొకదానికి 6 లేదా 11. 5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 36, మరొకదానికి 149.

తరువాత చాలామంది వదిలేసే పని ఒకటి ఉంది. రెండు చోట్లా 2.4 గిగాహెర్ట్జ్ ప్రసార శక్తిని మధ్యస్థానికో, ఇంకా తక్కువకో తగ్గించండి. కింది సిగ్నల్ పైన తగినంత బలహీనపడితేనే ఫోన్‌కు మారవలసిన అవసరం కనిపిస్తుంది. ఎక్స్‌టెండర్‌ను తీసివేయండి. ఒకే రేడియోతో అటు రౌటర్‌తోనూ ఇటు ఫోన్‌తోనూ మాట్లాడే రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

సమాధానం (చీమకుర్తి)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే అద్దె ఇంట్లో ఉన్నవారికి గోడకు రంధ్రం వేసే వీలుండదు కనుక మెష్ గురించి కూడా చెబుతాను. తీగ లేని మెష్ తీసుకుంటే, రెండో పెట్టెను సిగ్నల్ అందని గదిలో కాకుండా, మొదటి పెట్టె సిగ్నల్ ఇంకా బాగా అందుతున్న చోట పెట్టాలి. తనకే అందని సిగ్నల్‌ను అది ఇతరులకు పంచలేదు. ఇనుప బీరువా వెనుక, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టకండి. కొనేముందు 802.11 (వైఫై ప్రమాణం) కే, వీ, ఆర్ సదుపాయాలు ఉన్నాయో లేదో చూడండి. మొదటిది చుట్టుపక్కల పెట్టెల జాబితాను ఫోన్‌కు ఇస్తుంది, రెండోది మారమని సూచిస్తుంది, మూడోది మారేటప్పుడు జరిగే భద్రతా సంకేతాల (తాళంచెవుల) మార్పిడిని కుదిస్తుంది. కే, ఆర్ 2008లో, వీ 2011లో ప్రమాణాలుగా వచ్చాయి.

ప్రశ్న అడిగినవారు (ఒంగోలు)

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ వేసి చూశాను. పై పడక గదిలో కింది రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 68 దగ్గర ఊగిసలాడుతోంది, అంటే నెల్లూరు మిత్రులు చెప్పినట్లే ఫోన్ వదలడానికి కారణం లేదు. కేబుల్ లాగించాలని నిశ్చయించుకున్నాను. కానీ లోపల పైపులన్నీ కరెంటు తీగలతో నిండి ఉన్నాయి, బయటి గోడ వెంట తీసుకువెళ్లవలసి ఉంటుంది. పెరట్లోని రేకుల షెడ్డుకు కూడా అదే విధంగా లాగవచ్చా?

సమాధానం (కావలి)

కరెంటు తీగలున్న పైపులో నెట్ కేబుల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ దూర్చవద్దు. అది ప్రాణభద్రతకు సంబంధించిన విషయం. బయటి గోడ వెంట వేరే పీవీసీ పైపు బిగించి, ఎండకు తట్టుకునే బయటి రకం కేబుల్ వేయించండి. పైపు లోపలికి వచ్చే చోట తీగను కొంచెం కిందికి వంచి పైకి తిప్పితే వాన నీరు దాని వెంట గదిలోకి రాదు. పూర్తి రాగి కేబుల్ అని అడిగి తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం రకం చవకగా వస్తుంది గానీ త్వరగా విరుగుతుంది, పైగా అదే తీగలో కరెంటు పంపితే వేడెక్కుతుంది. రాగి కేబుల్‌కు 100 మీటర్ల హద్దు ఉంది, మీ ఇంటికి అది చాలు.

షెడ్డు సంగతి వేరు. మన తీరంలో ఈశాన్య రుతుపవనాల కాలంలో ఉరుములు, పిడుగులు సాధారణం. ఒక కట్టడం నుంచి మరో కట్టడానికి ఆరుబయట వెళ్లే రాగి తీగ ద్వారా సమీపంలో పడిన పిడుగు ప్రభావం రెండు చివర్ల పరికరాలకూ చేరవచ్చు. అక్కడికి లోహపు తీగ లేని ఫైబర్ కేబుల్ వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్ కేబుల్‌కు కలిపే పెట్టెలు) పెట్టించడం మేలు. ఖర్చు కొంత పెరిగినా నేను అదే చేయిస్తాను. కరెంటు పోయినప్పుడు పై యాక్సెస్ పాయింట్ ఆగిపోతే ఇదంతా వృథా కాబట్టి దాన్ని కూడా ఇన్వర్టర్ లైనుకు కలపండి.

సమాధానం (నెల్లూరు)

మీరు ఇచ్చిన కొలత ఎంతో ఉపయోగపడింది. శక్తి తగ్గించాక అదే చోట మళ్లీ చూడండి: కింది రౌటర్ మైనస్ 75 కంటే దిగువకు పోవాలి, పైది మైనస్ 60 కంటే మెరుగ్గా రావాలి. మీ కింది రౌటర్‌లో శక్తి తగ్గించే వీలు లేకపోతే, దాని వైఫైని పూర్తిగా ఆపి, కింద కూడా పైదాని లాంటి యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టుకోవచ్చు. 802.11 ఆర్‌ను మాత్రం చివరిలో, మిగిలినవన్నీ కుదిరాక వేసి చూడండి. పాత ఫోన్లు, కొన్ని ప్రింటర్లు దానితో కలవవు. అమ్మగారి ఫోన్ కలవకపోతే దాన్ని ఆపివేయండి, కే, వీ ఉంటే చాలు.