పిల్లల్లో ఓసీడీని వాచీ గానీ యాప్ గానీ పట్టగలదా?

పాప_అమ్మ:
మా పాపకి 9 ఏళ్లు. కొన్ని నెలలుగా హోంవర్క్ రాసేటప్పుడు ఒక అక్షరం రాయడం, బాగాలేదని చెరపడం, మళ్లీ రాయడం, మళ్లీ చెరపడం. కాగితానికి చిల్లు పడితే ఆ పేజీ చింపేసి మొదటి అక్షరం నుంచి మొదలుపెడుతుంది. రాత్రి పడుకునే ముందు "అమ్మా, నీకేం కాదు కదా" అంటుంది. "కాదమ్మా" అంటే సరిపోదు, తను అనుకున్న గొంతుతో పలికేదాకా చెప్పిస్తూనే ఉంటుంది. మావారేమో "శుభ్రంగా రాయాలనుకుంటోంది, మంచిదేగా" అంటారు. నాకు మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే అలా చెరుపుతున్నంతసేపూ దాని కళ్లలో నీళ్లే. వాచీలు, కెమెరాలు, ఏఐ యాప్‌లు పిల్లల్లో ఓసీడీని (వద్దన్నా భయపెట్టే ఆలోచనలు మళ్లీ మళ్లీ రావడం, వాటి కోసం ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం) ముందే పట్టేస్తున్నాయని చదివాను. నిజమేనా? కొని పెడితే తేలిపోతుందా? ఏదో ఒక రుజువు చేతిలో ఉంటే మావారిని డాక్టర్ దగ్గరికి ఒప్పించగలను.

పిల్లల_సైకాలజిస్ట్:
ఒప్పించడానికి మీరు రాసిన ఈ నాలుగు వాక్యాలే చాలండి, చూపించండి. ఓసీడీని తేల్చే యంత్రం ఇప్పటికి లేదు, రక్త పరీక్ష కూడా లేదు. ఎమ్మారైలో ఓసీడీ ఉన్నవాళ్ల గుంపుకీ లేనివాళ్ల గుంపుకీ కొద్దిపాటి తేడాలు కనబడతాయి గానీ, ఒక్క బిడ్డ స్కాన్ చూసి ఉందో లేదో చెప్పలేం. పాపతోనూ మీతోనూ కూర్చుని మాట్లాడే తేలుస్తారు. తీవ్రత కొలవడానికి సీవై-బాక్స్ అనే స్కేల్ ఉంది, మొత్తం 40 మార్కులు. ఆ ఆలోచనలు, ఆ పనులు రోజులో ఎంత టైమ్ తింటున్నాయి, ఎంత బాధ పెడుతున్నాయి, ఆపాలనుకుంటే ఆపగలుగుతోందా, ఇవే అడుగుతారు. రోజుకి గంట దాటడం ఒక గుర్తు. గంట కాకపోయినా పిల్ల బాగా బాధపడుతున్నా, చదువు దెబ్బతింటున్నా పట్టించుకోవాల్సిందే.

పరిశోధన మాత్రం జరుగుతోంది. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు కైనెక్ట్ (వీడియో గేముల్లో ఒంటి కదలికల్ని పట్టే కెమెరా) లాంటి కెమెరాలతో చిన్నపిల్లల కదలికల్లో తేడాలు పట్టడానికి ప్రయత్నించారు. డెన్మార్క్‌లో ఓసీడీ ఉన్న పిల్లల చేతికి బ్యాండ్ కట్టి నాడి, చెమట, చర్మం వేడి కొలిచారు, ఓసీడీ ఇబ్బంది వచ్చినప్పుడు పిల్లలే బటన్ నొక్కాలి. 2023లో వచ్చిన ఆ పేపర్లో ఉన్నది 9 మంది, ఆ కొలతల్ని బట్టి ఇబ్బంది ఎప్పుడు వచ్చిందో కంప్యూటర్ వేసిన అంచనా సుమారు 70 శాతం సరిపోయింది. అందులో చేరిన పిల్లలకి ఓసీడీ ఉందని ముందే తెలుసు. తెలియని పిల్లల్లో కనిపెట్టడం దానికంటే చాలా కష్టం, ఎందుకంటే పరీక్ష భయానికీ, పరిగెత్తి వచ్చినా కూడా నాడి, చెమట అలాగే పెరుగుతాయి.

డేటా_నాన్న:
నేను మెషీన్ లెర్నింగ్ పనిలో ఉన్నాను, ఒక లెక్క చెప్తాను. వెయ్యి మంది పిల్లల్లో 20 మందికి ఓసీడీ ఉందనుకుందాం. యాప్ 90 శాతం కరెక్ట్ అనుకున్నా 18 మందిని పట్టుకుంటుంది, ఏమీ లేని 980 మందిలో 98 మందికి కూడా ఉందని చెప్తుంది. అంటే అది "ఉంది" అన్న 116 మందిలో నిజంగా ఉన్నది 18 మందికే. మిగతా ఇళ్లల్లో ఊరికే ఏడుపులు. పైగా ఆ యాప్ మీ పాప వీడియోలు, మాటలు ఎక్కడ దాస్తుందో ఎవరికి ఇస్తుందో చదవకుండా దయచేసి ఇన్‌స్టాల్ చేయకండి.

లోపల_లెక్కలు:
నాకు పదేళ్ల వయసులో మొదలైంది. బయటికి ఏమీ కనబడేది కాదు. మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం, ఒక చెడ్డ మాట మెదిలితే దాన్ని కొట్టేయడానికి మంచి మాట అనుకోవడం, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి. క్లాసులో టీచర్ నన్ను "నెమ్మదస్తురాలు" అనేవారు. నా ముందు ఎన్ని కెమెరాలు పెట్టినా ఏం దొరికేది? "నీ మనసులో ఏదైనా మళ్లీ మళ్లీ వస్తోందా, అది చేయకపోతే ఏమవుతుందని భయం?" అని ఒక డాక్టర్ అడిగిన రోజే నేను నోరు విప్పాను. పాపని అలా అడిగి చూడండి, తిట్టకుండా, తొందరపెట్టకుండా. దొంగచాటుగా వీడియో మాత్రం తీయకండి. నాకైతే ఎవరో కనిపెడుతున్నారని తెలిస్తే ఇంకా లోపలికి దాచేసుకునేదాన్ని.

పాప_అమ్మ:
ఇప్పుడే అడిగానండి. అక్షరం వంకర ఉంటే నాకు యాక్సిడెంట్ అవుతుందట. మావారు పక్కనే ఉండి విన్నారు, ఇక ఏమీ అనలేదు, అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాం. ఈలోపు నేనేం చేయాలి? రాత్రి అడిగితే జవాబు చెప్పొద్దా?

పిల్లల_సైకాలజిస్ట్:
చాలా మంచి పని చేశారు. డాక్టర్ని కలిసేదాకా ఫోన్లో నోట్స్ రాయండి: ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలు, ఎలా ఆగింది. మీ ఫోన్‌కి అంతకంటే పెద్ద పని వద్దు. గొంతునొప్పి, జ్వరం తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా ముదిరిందా అన్నది కూడా రాయండి, డాక్టర్‌కి అది తెలియాలి.

నా దృష్టిలో టెక్నాలజీ నిజంగా పనికొస్తున్నది చికిత్సలో. స్వీడన్‌లో 152 మంది పిల్లలతో చేసి 2021లో ప్రచురించిన ట్రయల్‌లో, ముందు థెరపిస్ట్ సాయంతో ఇంటర్నెట్‌లో థెరపీ ఇచ్చి, అది చాలనివాళ్లకి ఎదురుగా కూర్చోబెట్టి ఇచ్చారు. మొదటి నుంచీ ఎదురుగా ఇచ్చినదానికి అది తీసిపోలేదు. దగ్గర్లో స్పెషలిస్ట్ లేనివాళ్లు ఇలాంటిది ఉందేమో అడగాలి.

రాత్రి జవాబు ఒక్కసారిగా మానేయకండి, పాప బెదిరిపోతుంది. ఒక్కసారి మామూలు గొంతుతో చెప్పండి. మళ్లీ అడిగితే "ఆ భయం మళ్లీ అడిగిస్తోంది కదూ" అని దగ్గరికి తీసుకోండి. ఎంత తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది థెరపిస్ట్, మీరు, పాప ముగ్గురూ కలిసి నిర్ణయించుకుంటారు.