పాత లగ్జరీ సెడాన్‌ లోపలి చెక్కను కాపాడుకోవడం ఎలా?

నా దగ్గర 2005 నాటి లగ్జరీ సెడాన్ ఉంది. ఇంజిన్‌తో పేచీ లేదు, బెంగంతా రూపం గురించే. హెడ్‌లైట్ల పాలికార్బొనేట్ ప్లాస్టిక్ ఎండకు పసుపెక్కింది. ఒకసారి పాలిష్ చేయించాను. పైన యూవీ కోటింగ్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే పూత) వేయలేదేమో, కొన్ని నెలలకే మళ్లీ మసకబారింది. ఈసారి కోటింగ్‌తో చేయిస్తే నిలుస్తుందా, కొత్తవే కొనాలా?

లోపల ఇంకా తలనొప్పి. రూఫ్ లైనింగ్ వెనక ఫోమ్ పొడిపొడిగా రాలి, గుడ్డ జారి నెత్తికి తగులుతోంది. దీనికి ఆ గుడ్డ అంటించి ఉన్న రూఫ్ బోర్డు దింపి కొత్త గుడ్డ వేయాల్సిందేనని అర్థమైంది. అసలు చిక్కు డ్యాష్‌బోర్డు మీది వాల్‌నట్ చెక్కతో. పైనున్న లక్కర్ (మెరుపునిచ్చే పారదర్శక పూత) పగుళ్లిచ్చింది. కార్బన్ ఫైబర్ స్టిక్కర్ అంటించేయమని మా తమ్ముడి సలహా. నాకు మనసొప్పడం లేదు, ఆ చెక్కే కదా ఈ కారుకు అందం! లక్కర్ గీకి మళ్లీ పూసినవాళ్లెవరైనా ఉంటే, కింది పలుచని చెక్కపొర చిరగకుండా ఎలా చేశారో చెప్పండి.