మయోర్కాలో సైకిలూ పరుగూ: ఒకే వారంలో రెండూ కుదురుతాయా?

ఘాట్_పిచ్చోడు: ఏప్రిల్‌లో స్పెయిన్ దీవి మయోర్కా వెళ్తున్నా. ఇక్కడ అనంతగిరి ఎక్కి దిగడమే నా ప్రాక్టీసు. రోజూ పొద్దున సైకిల్, సాయంత్రం పరుగు అనుకుంటున్నా. అక్కడి కొండరోడ్డు సా కలోబ్రా ఎక్కకుండా మాత్రం రాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మ్యూనిక్_మావయ్య: సా కలోబ్రాతో తిరకాసేంటంటే ముందు దిగాలి. రోడ్డు సముద్రం దగ్గర ఆగిపోతుంది, దిగిందంతా మళ్లీ ఎక్కాల్సిందే. సుమారు 9.5 కిలోమీటర్లు, సగటున 7 శాతం వాలు, 26 హెయిర్‌పిన్‌లు. పైన 682 మీటర్ల ఎత్తులో కోల్ దెల్స్ రేయిస్ అనే కనుమ. 1930ల్లో ఈ రోడ్డు వేసిన ఇంజనీరు అంటోనియో పారియెట్టి, ఒకచోట దాన్ని గుండ్రంగా తిప్పి దాని కిందినుంచే పోనిచ్చాడు. టై ముడి అంటారు. పొద్దెక్కితే టూరిస్టు బస్సులు మొదలవుతాయి. ఇరుకు మలుపులో బస్సు ఎదురైతే గోడకి అంటుకుని నిలబడటమే గతి. వెనక చక్రం గేర్ల చక్రాల్లో (కాసెట్) పెద్దదానికి 32 పళ్లు ఉన్న సైకిలే అడుగు, ఎక్కడం తేలిక.

లండన్_లక్ష్మి: సైకిల్ తీసుకోగానే ఏ లివరు ముందు బ్రేకో నొక్కి చూడండి. మనకి కుడిచేతికి ఉండేది అక్కడ మామూలుగా ఎడమచేతికి ఉంటుంది. పైగా ట్రాఫిక్ కుడివైపు. దిగుడులో కంగారుపడి తప్పు లివరు లాగితే అంతే సంగతులు. సొరంగాలకి లైట్లు కావాలి, ఊరు దాటితే హెల్మెట్ తప్పనిసరి.

కొండబాట: తమ్ముడూ, సాయంత్రం పరుగు మానెయ్. ట్రముంతానా కొండల్లో జీఆర్ 221 అనే నడకబాట చాలాచోట్ల సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కట్టింది. బినియరైష్ లోయలో అయితే మెట్లే మెట్లు. అరిగి నున్నబడిన రాళ్లు, చినుకు పడిందా జారుడే. ఎక్కితే ఊపిరే పోతుంది, దిగితే తొడలు పోతాయి. మర్నాడు పెడల్ తొక్కలేవు. నేనైతే దెయా నుంచి సోయెర్ దాకా పరిగెత్తి బస్సెక్కి వెనక్కొచ్చేస్తా.

మ్యూనిక్_మావయ్య: ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ వాళ్లు రోజూ రెండూ చేస్తున్నారుగా?

కొండబాట: వాళ్ల పరుగు అల్కూడియా బీచ్ పక్కన, చదును మీద మావయ్యా! ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయథ్లాన్ పోటీ పెట్టేది కూడా అక్కడే. అలాగైతే ఎవరైనా చేస్తారు. కొండలో రెండూ కావాలంటే పరుగు చివరి రోజులకి ఉంచుకోవాలి.

లండన్_లక్ష్మి: తిండి సంగతి. చుట్టలా ఉండే ఎన్సైమాదా చూడగానే నోరూరుతుంది, కానీ అందులో పంది కొవ్వు వేస్తారు. శాకాహారులు జాగ్రత్త. టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిన రొట్టె, పాంబోలి, భేషుగ్గా ఉంటుంది. హామ్ వద్దని ముందే చెప్పాలి. ల్యుక్ మఠం దగ్గర నీళ్లు పట్టుకోవచ్చు. ఆ పక్కనే కోల్ దె సా బతాయా పెట్రోల్ బంకులో కాఫీ కూడా దొరుకుతుంది, ఎప్పుడు చూసినా సైకిళ్ల జాతరే.

ఘాట్_పిచ్చోడు: సాయంత్రం పరుగు తీసేశా. 32 పళ్లది కావాలని షాపుకి మెయిల్ పెడుతున్నా. పెడల్స్ మనవే తీసుకెళ్లాలా?

మ్యూనిక్_మావయ్య: తీసుకెళ్లు. నీ బూటు అడుగున పెడల్‌కి తగులుకునే క్లీట్‌కి సరిపోయేవి వాళ్ల దగ్గర ఉంటాయో లేదో. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, బిగించేటప్పుడు చూసుకో.