ఆడిన అనుభవమా, జట్టు నడిపిన అనుభవమా? కోచ్‌కి ఏది కావాలి?

బీచ్‌రోడ్_వింగర్:
గాజువాక వైపు ఒక అండర్-15 ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌ని వెతుకుతున్నారు. ఇద్దరు తేలారు. ఒకాయన రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ దాకా ఆడారు, కోచింగ్ ఎప్పుడూ ఇవ్వలేదు. రెండో ఆయన పీఈటీ మాస్టారు. పెద్దగా ఆడలేదు గానీ 'డి', 'సి' కోచింగ్ లైసెన్సులున్నాయి, ఆరేళ్లుగా స్కూలు జట్లు నడుపుతున్నారు. కమిటీ మొదటాయన వైపే మొగ్గుతోంది. ఏమంటారు?

వన్‌టౌన్_స్టాపర్:
మాస్టారినే పెట్టుకోమనండి. ఇటలీ కోచ్ ఆరిగో సాకీ ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు, నాన్నగారి బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 1987లో ఏసీ మిలాన్‌కొచ్చి మొదటి సీజన్‌లోనే ఇటలీ లీగ్ గెలిపించాడు. 1989, 90ల్లో వరసగా యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోపియన్ కప్. జాకీ అవ్వాలంటే ముందు గుర్రమై పుట్టాలా అన్నది ఆయనే. అయితే జనం చెప్పని సగం ఒకటుంది. మిలాన్‌కి రాకముందు ఊరి జట్టు నుంచి మొదలెట్టి రిమిని, పార్మా దాకా పదేళ్లకు పైనే కోచింగ్ చేశాడు. ఆడలేదు, అంతేగాని పని నేర్చుకోకుండా రాలేదు.

రైల్వేగ్రౌండ్_రెగ్యులర్:
మరి పెద్ద ఆటగాడైన జిదాన్ సంగతేటి? రియల్ మాడ్రిడ్ కోచ్‌గా 2016, 17, 18 మూడేళ్లూ ఛాంపియన్స్ లీగ్ (అదే యూరోపియన్ కప్ కొత్త పేరు) కొట్టాడు. బార్సిలోనాకి ఆడి, దానికే కోచ్ అయిన గార్డియోలా?

వన్‌టౌన్_స్టాపర్:
జిదాన్ ముందు రియల్ కోచ్ అన్చెలోట్టి దగ్గర అసిస్టెంట్, ఆ తర్వాత రియల్ రెండో జట్టు కోచ్. గార్డియోలా బార్సిలోనా రెండో జట్టైన బి జట్టుని ఒక సీజన్ నడిపాకే పైకెళ్లాడు. నేరుగా పెద్ద కుర్చీ ఎక్కినవాళ్లని చూడండి. ఇంగ్లండ్‌కి ఆడిన గ్యారీ నెవిల్ స్పెయిన్ క్లబ్ వాలెన్సియాలో కోచ్‌గా 2015 డిసెంబర్‌లో చేరితే మార్చికల్లా ఇంటికి. ఇటలీ ఆటగాడు పిర్లో 2020లో అక్కడి క్లబ్ యువెంటస్ తీసుకున్నాడు, ఇటలీ కప్ (కోపా ఇటాలియా) గెలిచినా లీగ్‌లో నాలుగో స్థానం, తొమ్మిదేళ్ల టైటిళ్ల వరస తెగింది, ఒక్క సీజన్‌తో సరి. బెకెన్‌బావర్ కోచింగ్ లైసెన్స్ లేకుండానే పశ్చిమ జర్మనీకి 1990 వరల్డ్‌కప్ తెచ్చాడు, నిజమే. అలాంటివాడు ఎంతమందికి దొరుకుతాడు?

ఆఫ్‌సైడ్_మాస్టారు:
పేర్లు పక్కనపెట్టి గ్రౌండ్‌లో తేడా ఎక్కడ పడుతుందో చూద్దాం. సాకీ మిలాన్‌లో ఒక పందెం పెట్టేవాడు. గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు ఒకవైపు. స్టార్ ఆటగాళ్లు గుల్లిట్, వాన్ బాస్టెన్‌లతో కలిపి పదిమంది ఇంకోవైపు. పావుగంటలో గోల్ కొట్టాలి, బంతి పోతే మళ్లీ తమ సగం నుంచి మొదలు. ఒక్క గోల్ పడలేదు.

పదిహేనేళ్ల పిల్లలకి దీన్నే సగం గ్రౌండ్‌లో, కీపర్ కాక నలుగురు డిఫెండర్ల మీద ఏడుగురు అటాకర్లతో పెట్టొచ్చు. నాలుగేసి నిమిషాలు నాలుగు రౌండ్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. డిఫెండర్ల మధ్య ఎనిమిది నుంచి పది అడుగుల ఎడం ఉండాలి. అడుగులంటే వాళ్ల నడక అడుగులు, టేపు అక్కర్లేదు. బంతి కుడి అంచుకి వెళ్తే రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) బయటికి పోతాడు, మిగతా ముగ్గురూ అటే జరగాలి, లెఫ్ట్ బ్యాక్ దూరపు పోస్ట్‌కి ఎదురుగా వచ్చేయాలి. తప్పు అక్కడే జరుగుతుంది. వాడు తన మనిషిని అంటిపెట్టుకుని ఉండిపోతాడు, బంతి వైపు మెడ తిప్పడు, మధ్యలో లారీ పట్టేంత సందు.

ఇక్కడ ఆడిన పెద్దాయన 'చూసుకుని ఆడరా' అని అరుస్తారు. ఆయనకి అది ఒంట్లో ఉన్న విద్య, విడదీసి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నడిపిన అనుభవమున్నవాడు విజిల్ వేసి అందరినీ ఉన్నచోటే ఆపి, వాడిచేతే అడుగులు లెక్కపెట్టించి, ఇరవై సెకన్లలో మళ్లీ మొదలెట్టిస్తాడు. మూడోసారీ అదే తప్పయితే పిల్లాడిని తిట్టడు, డ్రిల్ మారుస్తాడు. అటాకర్లని తీసేసి, బంతిని అటూఇటూ పాస్ చేయిస్తూ నలుగురినీ జరిపిస్తాడు.

లైసెన్స్ కోచ్‌ల జబ్బు వేరు. కోన్లు సర్దడానికి పది నిమిషాలు, ఉపన్యాసానికి పది నిమిషాలు. మన ఉక్కపోతలో ఈలోపే పిల్లలు వాడిపోతారు.

రైల్వేగ్రౌండ్_రెగ్యులర్:
ఒప్పుకుంటాను. కానీ మొదటి నెల పిల్లలు ఎవరి మాట వింటారు? బంతిని ఛాతీతో ఆపి చూపించినవాడి మాట. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వచ్చినప్పుడు, పెద్దగా ఆడని కోచ్ మౌరీన్యో కూడా ఆ క్లబ్‌కే ఆడిన స్టీవ్ క్లార్క్‌ని అసిస్టెంట్‌గా ఉంచుకున్నాడు. ఇద్దర్నీ తీసుకుంటే ఏం పోయింది?

హైదరాబాద్_అభిమాని:
ఇటలీ దాకా ఎందుకు, మన భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తికి స్కూలు టీచర్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ పోవడం) చేయకూడదని ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. అది బడిపంతులు బుర్ర!

ఆఫ్‌సైడ్_మాస్టారు:
ఇద్దర్నీ తీసుకునే డబ్బులుంటే మంచిదే. లేకపోతే అవే పదహారుమంది పిల్లలతో ఒకే అంశం మీద చెరో నలభై నిమిషాలు చేయించమనండి. కమిటీ ఒక వాచీ పట్టుకుని రెండు లెక్కలు రాసుకోవాలి. బంతి కదిలిన నిమిషాలెన్ని, ఆపి చెప్పిన మాట తర్వాత అదే తప్పు మళ్లీ ఎన్నిసార్లు జరిగింది. కదిలింది పాతిక నిమిషాలకి తగ్గితే ఆ సెషన్ దండగ.

బీచ్‌రోడ్_వింగర్:
బాగుంది. గోల్‌కీపర్లకి కూడా మాస్టారే సరిపోతారా?

వన్‌టౌన్_స్టాపర్:
అక్కడ మాత్రం కీపింగ్ చేసినవాడే కావాలి. డైవ్ చేశాక మోచేతి మీద పడుతున్నాడా, ఒంటి పక్కభాగం మీద పడుతున్నాడా అన్నది పడ్డవాడి కంటికే దొరుకుతుంది. వారానికి రెండు పూటలు ఎవరైనా పాత కీపర్‌ని పిలిపించండి. ముందు ఇసుకలో మొదలెట్టించండి, బీచ్ మనకి ఉచితమే కదా.