కాష్ తుడిస్తే లాగిన్లన్నీ పోతున్నాయి: పాత పేజీని మాత్రమే తొలగించే దారి ఉందా?

ప్రశ్న: మండలం_నెట్‌సెంటర్

అందరికీ నమస్కారం. మా మండల కేంద్రంలో మూడు కంప్యూటర్లతో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. కౌన్సెలింగ్ దరఖాస్తులు, ఫీజు చెల్లింపులు, హాల్‌టికెట్ల ప్రింట్లు ప్రధానమైన పని. కొంతకాలంగా ఒక చిక్కు వేధిస్తోంది. ఒక వెబ్‌సైటులో తేదీలు మారాయని విద్యార్థులు తమ ఫోన్లలో చూపిస్తారు, నా కంప్యూటర్లలో మాత్రం అదే పేజీ పాత తేదీలతోనే తెరుచుకుంటుంది. తెలిసినవారొకరు కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి, సమయం దగ్గర మొదటి నుంచీ అన్నది ఎంచుకొని, గడులన్నిటికీ టిక్కు పెట్టి తుడిచేయమన్నారు. అలా చేస్తే పేజీ సరిపోతోంది గానీ, నా మెయిల్, బ్యాంకు, రీఛార్జి ఖాతాలన్నిటిలోనూ మళ్లీ లాగిన్ కావలసి వస్తోంది. ఒకసారి దాచుకున్న పాస్‌వర్డులు కూడా పోయాయి. వారం తిరిగి అక్కడ మరో మార్పు వచ్చేసరికి కథ మళ్లీ మొదటికే వస్తోంది. వాడేది క్రోమ్, విండోస్ 10. ఆ ఒక్క పేజీ పాత ప్రతిని మాత్రమే తీసేసే మార్గం ఉందా? అసలు కాష్‌ను ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేయాలి?

సమాధానం: పాత_కీబోర్డు

నెట్‌సెంటర్ గారూ, మీకు సలహా ఇచ్చినవారు ఎలుక కోసం ఇల్లు తగలబెట్టమన్నారు. ఆ పెట్టెలో కనిపించే గడులు ఒకే వస్తువుకు వేర్వేరు పేర్లు కావు. కాష్ చేసిన చిత్రాలు, ఫైళ్లు అన్న గడి ఒక్కటే మీరు అడిగిన కాష్: పేజీల బొమ్మలు, అక్షరాల ఫాంట్లు, రూపురేఖల ఫైళ్లు, స్క్రిప్టులు మళ్లీ మళ్లీ దింపుకోనక్కర లేకుండా బ్రౌజరు డిస్కు మీద దాచుకున్న ప్రతులు. వాటిని తుడిస్తే లాగిన్లు పోవు, పాస్‌వర్డులు పోవు. కుకీలు, ఇతర సైట్ డేటా అన్న గడి వేరు. మీరెవరో ఆయా సైట్లకు గుర్తుచేసే చీటీలు అందులో ఉంటాయి, కాబట్టి మీ లాగిన్లు పోతున్నది దానివల్ల. పాస్‌వర్డులది ఇంకో గడి. దానికి టిక్కు పెట్టే అవసరం దాదాపు ఎవరికీ రాదు.

ఇక మీ పనికి ఆ పెట్టె తెరవవలసిన అవసరమే చాలాసార్లు ఉండదు. పాత తేదీలు కనిపించే పేజీలో ఉండగానే కంట్రోల్ పట్టుకొని ఎఫ్5 నొక్కండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి. అప్పుడు బ్రౌజరు తన దగ్గరున్న ప్రతులను పక్కన పెట్టి ఆ పేజీని, అందులో భాగమైన ఫైళ్లను సర్వరు నుంచి, అంటే ఆ సైటు ఫైళ్లు ఉండే కంప్యూటరు నుంచి, కొత్తగా తెచ్చుకుంటుంది. ఒట్టి ఎఫ్5 ఇంత పని చేయదు. అది అసలు పేజీ మారిందా అని సర్వరును అడుగుతుంది గానీ, గడువు తీరని అనుబంధ ఫైళ్లను క్రోమ్ మళ్లీ అడగకుండా డిస్కు నుంచే తీసుకుంటుంది. పదిసార్లు రిఫ్రెష్ కొట్టినా మారలేదని చాలామంది విసుక్కోవడానికి కారణం ఇదే.

ఒక లక్షణాన్ని మాత్రం గమనించండి. కంట్రోల్, ఎఫ్5 కొట్టినప్పుడు కొత్త పేజీ వచ్చి, ట్యాబు మూసి మామూలుగా తెరిస్తే మళ్లీ పాతదే వస్తుంటే, ఆ సైటు సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రామును మీ బ్రౌజరులో కూర్చోబెట్టి తన సొంత నిల్వ నుంచి పేజీని అందిస్తున్నదని అనుమానించవచ్చు. ఆ నిల్వ కాష్ గడి కింద కాక సైట్ డేటా కింద ఉంటుంది. అప్పుడు కూడా అన్నీ తుడవవద్దు. అడ్రస్ పట్టీకి ఎడమ చివరనున్న గుర్తు మీద నొక్కి, సైట్ సెట్టింగులలోకి వెళ్లి, డేటాను తొలగించండి. ఆ ఒక్క సైటు నుంచే లాగ్ అవుట్ అవుతారు, మిగతా ఖాతాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఎన్నాళ్లకొకసారి అని అడిగారు. వేళాపాళా పెట్టుకోవలసిన పని కాదది. కాష్ ఒక హద్దు దాటాక పాతవాటిని బ్రౌజరే తీసేసుకుంటుంది. ఊరికే తుడిస్తే అవే ఫైళ్లను మళ్లీ దింపుకొని మీ డేటా ఖర్చవుతుంది, అంతే.

సమాధానం: వెబ్_చాకిరీ

పై సమాధానం సరైనదే. వెబ్‌సైట్లు తయారుచేసే వైపు నుంచి ఒక మాట చెబుతాను, ఎందుకంటే తప్పు మీ కంప్యూటరుది కాకపోవచ్చు. ప్రతి ఫైలుతో పాటు సర్వరు కాష్-కంట్రోల్ అనే సూచన పంపగలదు. అందులో మాక్స్-ఏజ్ 86400 అని ఉంటే, అది సెకన్ల లెక్క, అంటే ఒక రోజు పాటు నన్ను అడగకుండానే నీ ప్రతిని వాడుకో అని అర్థం. 31536000 అంటే ఏడాది. నో-కాష్ అనే సూచన పేరు చూసి చాలామంది మోసపోతారు: దాచుకోవద్దని కాదు, దాచుకో గానీ ప్రతిసారీ వాడేముందు నన్ను అడుగు అని దాని భావం. అసలు దాచవద్దనడానికి నో-స్టోర్ ఉంది. అడిగినప్పుడు ఫైలు మారకపోతే సర్వరు 304 అనే చిన్న జవాబు మాత్రమే పంపుతుంది, ఫైలు మళ్లీ ప్రయాణం చేయదు.

సర్వరు ఏ గడువూ చెప్పకపోతే వచ్చే ఇబ్బందే మీది అయి ఉండవచ్చు. అటువంటప్పుడు బ్రౌజరు ఒక అంచనా వేసుకోవచ్చు. ఫైలు చివరిసారి మారి ఎన్నాళ్లయిందో చూసి, అందులో పదో వంతు కాలం అది తాజాగానే ఉంటుందనుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 9111 అనే ప్రమాణ పత్రం కూడా దానినే ఉదాహరణగా చెబుతుంది. ఒక పేజీ నలభై రోజులుగా మారకుండా ఉండి, దాన్ని మీరు ఈరోజు తెరిచారనుకోండి. బ్రౌజరు ఆ లెక్కన నాలుగు రోజులు దాన్ని నమ్ముతుంది, ఆ సైటువారు రేపే తేదీలు మార్చినా సరే. విద్యార్థి ఫోన్లో ఆ పేజీని మొదటిసారి తెరిచాడు గనుక అతనికి కొత్తది కనిపిస్తుంది.

ఇందులో అన్నిటికంటే అన్యాయమైనది పీడీఎఫ్‌ల సంగతి. సవరించిన నోటిఫికేషన్‌ను పాత పేరుతోనే ఎక్కిస్తారు. అనుమానం వచ్చినప్పుడు పీడీఎఫ్ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి వి=2 అని ఇంగ్లీషు అక్షరాలలో చేర్చి తెరవండి. బ్రౌజరుకు అది వేరే చిరునామా కాబట్టి పాత ప్రతి జోలికి పోదు.

సమాధానం: గోదారి_గట్టు

సాంకేతిక వివరాలు పెద్దలు చెప్పారు. కాష్ క్లియర్ చేశారా అని మా మామయ్యగారిని ఒకసారి ఫోన్లో అడిగితే, పొద్దున్నే చేశానని గల్లాపెట్టె లెక్క చెప్పారు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు పాత ప్రతులు అనే అంటాము.

నేను చెప్పదలచింది వేరు. నలుగురు వాడే కంప్యూటర్లలో కాష్ కంటే విద్యార్థుల లాగిన్లు పెద్ద సమస్య. ఒకరి ఖాతా తెరిచి ఉండగా ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఆప్షన్లు మారిపోయే ప్రమాదం ఉంది. వచ్చినవారి పని ఎప్పుడూ గెస్ట్ కిటికీలో గానీ ఇన్‌కాగ్నిటో కిటికీలో గానీ చేయించండి. వాటి కుకీలు, కాష్ మీ మామూలు బ్రౌజరుతో కలవవు, మూసేస్తే పోతాయి. అయితే ఇన్‌కాగ్నిటో కిటికీలు రెండు మూడు తెరిచి ఉంటే వాటన్నిటి లాగిన్ ఒకటే, చివరి కిటికీ మూసేదాకా అది బతికే ఉంటుంది. ఇంకో సంగతి, దింపుకున్న ఫైళ్లు ఏ కిటికీలో దింపినా డౌన్‌లోడ్స్ ఫోల్డరులోనే ఉండిపోతాయి. ఆధార్ కార్డులు, మార్కుల జాబితాలు అందులో గుట్టలుగా పడి ఉండడం నేను చాలా సెంటర్లలో చూశాను. మీరు రోజూ తుడవవలసింది దాన్ని.

ఫోన్లో ఇదే పని చేసేవారికి ఒక హెచ్చరిక: ఆండ్రాయిడ్ సెట్టింగులలో యాప్‌ల జాబితాలోంచి క్రోమ్ నిల్వలోకి వెళితే కాష్ తుడిచే మీటే కాక మొత్తం డేటా తుడిచే మీట కూడా దొరుకుతుంది. రెండోది నొక్కితే క్రోమ్ కొత్తగా వేసుకున్నట్టే అవుతుంది.

ప్రశ్న వేసినవారు: మండలం_నెట్‌సెంటర్

అందరికీ ధన్యవాదాలు. కంట్రోల్, ఎఫ్5తో తేదీల పేజీ మూడు కంప్యూటర్లలోనూ సరిపోయింది, లాగిన్లు ఏవీ పోలేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూస్తే నాకే సిగ్గేసింది, అంతా తీసేశాను. ఒక్క పీడీఎఫ్ మాత్రం లొంగలేదు. ఇన్‌కాగ్నిటోలో తెరిచినా, నా ఫోన్లో మొబైల్ డేటా మీద తెరిచినా పాతదే. వెబ్_చాకిరీ గారు చెప్పినట్టు ప్రశ్నార్థకం చేర్చగానే కొత్తది వచ్చింది. ఇది ఎలా సాధ్యం?

సమాధానం: వెబ్_చాకిరీ

ఎన్నడూ తెరవని ఫోన్లో కూడా పాతదే వచ్చిందంటే ఆ ప్రతి మీ దగ్గర లేదు. పెద్ద రద్దీ ఉండే సైట్లు తమ అసలు సర్వరుకు ముందు సీడీఎన్ అనే నిల్వ కేంద్రాలను పెట్టుకుంటాయి, పాత పీడీఎఫ్ అక్కడ కూర్చొని ఉంది. ప్రశ్నార్థకంతో వెళ్లిన చిరునామాకు అక్కడ ప్రతి లేదు గనుక అది అసలు సర్వరు దాకా వెళ్లి కొత్తది తెచ్చింది. మీరు ఎంత తుడిచినా దాన్ని కదిలించలేరు, ఆ సైటు నిర్వాహకులే తీసేయాలి. రెండు చిరునామాలనూ, ఒక్కోదానిలో కనిపించే తేదీనీ రాసి వారి సహాయ కేంద్రానికి మెయిల్ పంపండి. ఈలోగా మీ దగ్గరికి వచ్చిన విద్యార్థులకు ప్రశ్నార్థకం ఉన్న ప్రతినే ప్రింటు తీసి ఇవ్వండి.

ప్రశ్న వేసినవారు: మండలం_నెట్‌సెంటర్

మెయిల్ పంపాను. జవాబు రాలేదు గానీ, ఈ ఉదయం మామూలు చిరునామాలోనే కొత్త పీడీఎఫ్ తెరుచుకుంటోంది.