30 రోజుల నోటీసు, ఒక పెదనాన్న: కథ ముందుకు కదలడం లేదు, సలహా చెప్పండి

నవ్వులు, కాస్త కన్నీళ్లు కలిసిన ప్రేమకథ ఒకటి సినిమా స్క్రిప్టుగా రాస్తున్నాను. అమ్మాయి తెలుగు, అబ్బాయి పంజాబీ. ఇంట్లో చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇస్తారు. దాన్ని వివాహ అధికారి కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. వేరే పని మీద అక్కడికొచ్చిన అమ్మాయి పెదనాన్న కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుతాడు. ఇంతవరకు నవ్వు బాగానే పండింది (కనీసం నాకు).

చిక్కల్లా ఇక్కడే. పెద్దలకు ఇష్టం లేకపోవడం ఆ చట్టంలో అభ్యంతరం కిందికి రాదు. మరి ఆయన ఏం చేయాలి? విలన్‌ను చేయడానికి మనసొప్పడం లేదు. పెళ్లికి కావలసిన ముగ్గురు సాక్షుల్లో ఒకరిగా ఆయనే వచ్చి సంతకం పెడితే మరీ తియ్యగా ఉంటుందా?

ఇలా పెళ్లి చేసుకున్నవారు ఉంటే చెప్పండి: ఆ 30 రోజులు ఇంట్లో ఎలా గడిచాయి? ముందుగా మెత్తబడింది ఎవరు, ఏ మాటకు? భాష రాని అత్తగారి జోకులు మాత్రం వద్దు, అవి ఎప్పుడో అరిగిపోయాయి.